ఆయుధాల ఎగుమతి: ఆర్టీఐలో ఏం అడగొచ్చు?

అహోబిలం నుంచి నంద్యాల మీదుగా కర్నూలు వెళ్తే దారిలో ఓర్వకల్లు వస్తుంది. ఆ దగ్గర్లోని డీఆర్‌డీవో పరీక్షా కేంద్రంలో 2025 జులైలో డ్రోన్‌ నుంచి ప్రయోగించే క్షిపణిని పరీక్షించారు. ఇలాంటివి రేపు విదేశాలకు వెళ్తే, ఎవరికి అమ్మారో మీకు తెలుస్తుందా?

మొత్తం లెక్క తెలుస్తుంది. 2024-25లో రక్షణ ఎగుమతులు రూ.23,622 కోట్లని, 1,762 అనుమతులిచ్చామని రక్షణ శాఖే ప్రకటించింది. ఏ కంపెనీ ఏ దేశానికి ఏం అమ్మిందన్న జాబితా అందులో లేదు.

అది కావాలంటే రక్షణ ఉత్పత్తి విభాగానికి ఆర్టీఐ పెట్టండి. ఆన్‌లైన్‌లోనే, ఫీజు రూ.10. రెండు అడ్డంకులు రావచ్చు: సెక్షన్‌ 8(1)(ఎ) కింద దేశభద్రత, 8(1)(డి) కింద వాణిజ్య రహస్యం. రెండోది అంత గట్టిదేమీ కాదు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఆ క్లాజులోనే ఉంది. సెక్షన్‌ 11 ప్రకారం కంపెనీ అభిప్రాయం అడుగుతారు, నిర్ణయం మాత్రం అధికారిదే. డిజైన్‌, ధర రహస్యమంటే సరే. కొన్న దేశం పేరు కంపెనీ సొంత రహస్యం ఎలా అవుతుంది?

అందుకే ధరలు అడగొద్దు. ఏడాదివారీగా దేశం, ఆయుధ రకం, అనుమతుల సంఖ్య అడగండి. ‘ఇవ్వలేనిది తీసేసి మిగతాది సెక్షన్‌ 10 కింద ఇవ్వండి’ అని దరఖాస్తులోనే రాయండి. తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.