నల్లమలలో ఒక రాత్రి మజిలీ

మా నందివాడ ప్రాంతంలో పుట్టినవాళ్ళకు కొండ అంటే ఏమిటో చిన్నతనంలో తెలియదు. ఊరి మొత్తానికి ఎత్తైన చోటు చెరువుగట్టు. దానిమీద నిలబడితే నాలుగు దిక్కులా వరిచేలూ, ఆ తరువాతి కాలంలో చేపల చెరువులూ, అవతల ఆకాశమూ. గుడివాడ వెళ్ళినప్పుడు అక్కడి బౌద్ధస్తూపపు దిబ్బను చూసి అదే కొండ అనుకునేవాణ్ణి. అందుకే మా నాయనమ్మ "కొండమీద రాత్రి పడుకున్నాం" అని చెప్పినప్పుడల్లా ఆ మాట నాకు రామాయణంలో అరణ్యవాసంలాగే వినిపించేది.

ఆవిడ చెప్పేది శ్రీశైలయాత్ర సంగతి. బెజవాడలో మీటరుగేజి రైలెక్కి మార్కాపురం రోడ్డులో దిగడం, దోర్నాల దాకా ఎడ్లబండి, అక్కడినుంచి కాలినడక. మూటలో అటుకులు, బెల్లం, ఇత్తడి చెంబు, ఒక గొంగళి. చీకటి పడేసరికి నీళ్ళున్న చోటు చూసుకుని ఆగడం, ఎండుపుల్లలు ఏరి చుట్టూ మంటలు వేసుకుని వంతులవారీగా మేలుకోవడం. దేవుడి దర్శనం గురించి ఆవిడ రెండు మాటల్లో ముగించేది. ఆ రాత్రి గురించి మాత్రం గంటసేపు చెప్పేది. యాత్రాచరిత్రలు చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైన విషయం ఏమిటంటే, శ్రీశైలం చరిత్రలో సగం ఆ గుడిలో ఉంటే, మిగతా సగం ఇటువంటి మజిలీల్లో ఉంది.

'మజిలీ' అన్న మాటను ఇప్పుడు మనం కవిత్వానికే వదిలేశాం గాని, ఒకప్పుడు అది ప్రయాణపు కొలమానం. ఊరెంత దూరం అంటే ఎన్ని మైళ్ళని కాక ఎన్ని మజిలీలని చెప్పుకొనేవారు. మైదానంలో మజిలీకి సత్రం ఉంటుంది, లేదా ఒక గుడి, ఒక పెద్దమనిషి అరుగు ఉంటాయి. అడవికొండలో అవేవీ ఉండవు. అక్కడ మజిలీని నిర్ణయించేది నీరు ఒక్కటే. పడమటినుంచి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం ఎక్కే పాతదారిలో వరసగా వచ్చే చోట్లు చూడండి: నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను. ఒక పేరులో చెరువు, ఒక పేరులో కొలను. మనిషి నడక, నీటి జాడ కలిసి వ్రాసిన పటం అది.

ఈ దారులు ఎంత పాతవో చెప్పడానికి సాహిత్యమూ శాసనాలూ రెండూ ఉన్నాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో ఒక ప్రకరణాన్నే పర్వతానికి కేటాయించి, శివరాత్రికి కొండెక్కే జనసమూహాన్ని కళ్ళకు కట్టించాడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. తరువాత అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. 1677లో శివాజీ దక్షిణదేశానికి దండెత్తి వస్తూ ఇక్కడ ఆగాడు. మండపం కట్టినవాడి పేరు శాసనం మీద నిలిచింది. కొండ నడుమ ఒక రాత్రి గడిపి, తెల్లవారి బూడిద వదిలి వెళ్ళిన లక్షలమంది పేరు ఎక్కడా లేదు. ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పడానికి మనకు 19వ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది.

చెప్పినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఈయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారిపొడుగునా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపిన లేఖలే 1838లో 'కాశీయాత్రచరిత్ర'గా అచ్చయ్యాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు బెజవాడనుంచి దాన్ని మళ్ళీ ప్రకటించకపోతే మన తరానికి ఆ పుస్తకం దక్కి ఉండేది కాదేమో. వీరాస్వామయ్య అహోబిలం చూసుకొని, ఆత్మకూరు మీదుగా, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దాటి శ్రీశైలం చేరాడు. భక్తుడే అయినా ఆయన కన్ను లెక్కలు చూసే ఉద్యోగి కన్ను. ఏ చోట నీరుంది, ఏ చోట దినుసులు దొరుకుతాయి, బోయీలు ఎక్కడ అలసిపోతారు, ఇవన్నీ తరువాత వచ్చేవాడికి పనికిరావాలని వ్రాశాడు. అప్పటికి కందనూరు నవాబులదే ఆ సీమ. యాత్రికులవద్ద నవాబు మనుషులు సుంకం వసూలు చేసుకోవడమూ, గుడి బాగోగులు పట్టించుకోకపోవడమూ ఆయన దాచలేదు. ఆ నవాబు పాలన 1839లో ముగిసింది.

వీరాస్వామయ్యకు 36 ఏళ్ళ ముందు, 1794లో, కాలిన్ మెకంజీ ఇదే కొండ ఎక్కాడు. గర్భగుడిలోకి అద్దంతో ఎండను మళ్ళించి లింగాన్ని చూపించిన సంగతి ఆయన వ్రాసుకొన్నాడు. ఆ వ్యాసం 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ ఐదవ సంపుటంలో వచ్చింది. ఒకరు సర్వేయరు, ఒకరు యాత్రికుడు. ఇద్దరూ అడవిలో ఆధారపడింది మాత్రం ఒకే మనుషులమీద. వాళ్ళు చెంచులు.

దారి చూపేదీ, రాత్రి కాపలా కాసేదీ, నీటిజాడ చెప్పేదీ చెంచులే. వాళ్ళ లెక్కలో శ్రీశైలం మల్లన్న ఆ గూడెపు పిల్లను పెళ్ళాడిన అల్లుడు. కాబట్టి కొండమీదికి వచ్చే మనం చుట్టానికి చుట్టాలం. ఈ చుట్టరికాన్ని తరువాతి చట్టాలు గుర్తించలేదు. 1882 మద్రాసు అడవుల చట్టం తరువాత నల్లమల రిజర్వు ఫారెస్టు అయింది. తరతరాలుగా తేనె తీసుకొన్న చెట్టుకు అనుమతి అడగవలసి వచ్చింది. నది అవతల నైజాం వైపు అమ్రాబాదు చెంచుల మధ్య ఉండి హైమెండార్ఫ్ వ్రాసిన పుస్తకం 1943లో వచ్చింది. 1978లో అభయారణ్యం, 1983లో పులుల రక్షిత ప్రాంతం, 2014 తరువాత అది రెండు రాష్ట్రాలకు రెండుగా పంపకం. 2006లో అటవీహక్కుల చట్టం కూడా వచ్చింది. ఇన్ని తేదీల మధ్య గూడెం మాత్రం అక్కడే ఉంది.

ఘాట్ రోడ్డు వచ్చాక మజిలీ అవసరం తీరిపోయింది. రాత్రివేళ ఆ రోడ్డుమీద బండ్లను ఆపేస్తారు గనుక పగలే ఎక్కి పగలే దిగేవారు ఎక్కువ. అడవిలో రాత్రి గడపాలనే సరదా ఉన్నవారికి బైర్లూటి వంటి చోట్ల అటవీశాఖవారి బసలు ఉన్నాయి. కాని శివరాత్రికి వెంకటాపురంనుంచి పాతదారి పట్టేవాళ్ళు ఇప్పటికీ వేలమంది. నాయనమ్మ పోయిన తరువాతి శివరాత్రికి నేనూ ఆ దారినే నడిచాను.

పెచ్చెరువు చేరేసరికి పొద్దు వాలింది. తార్పాలిన్ల కింద అన్నదానం చేస్తున్నారు. ఆకులు పరుచుకొని, దుప్పటి వేసుకొని, చెట్లకింద జనం. చేలమధ్య పెరిగినవాణ్ణి గనుక చీకటి నాకు కొత్త కాదు. కాని ఈ చీకటి పక్కకు కాక పైకి పెరిగింది. మా ఊళ్ళో చీకటికి అంచు కనిపిస్తుంది, ఇక్కడ కనిపించలేదు. భోజనం అయ్యాక, కాలవగట్టున పుట్టిన అలవాటు కొద్దీ, గిన్నె కడుక్కోవడానికి నేరుగా నీటిలోకి దిగాను. గట్టుమీద ఒక చెంచు స్త్రీ బిందె పట్టుకొని నిలబడి ఉంది. కోపమేమీ లేకుండా అన్నది: "అందులో కడగబాకు అన్నా. మీరు రేపు పోతారు. ఆ నీళ్ళు మేం ఎండాకాలమంతా తాగాల."

గిన్నెలో నీళ్ళు ముంచుకొని దూరంగా వెళ్ళి కడుక్కొన్నాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. కారణం పులి భయం కాదు. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఆ మజిలీని కష్టం అనుకున్నాం, ఆ కష్టాన్ని పుణ్యంగా లెక్క వేసుకున్నాం. మేము ఒక రాత్రి పడిన ఆ కష్టం మరొకరికి ఇల్లని నాయనమ్మ కథలో ఎక్కడా రాలేదు. వీరాస్వామయ్య లెక్కల్లోనూ చెంచులు దారి చూపేవారుగా కనిపిస్తారేగాని, ఆతిథ్యమిచ్చినవారుగా కనిపించరు. ఆయన్ని తప్పుపట్టడం కాదు; నేనూ చూడలేదు కదా.

ఇంకొక సంగతి కూడా తోచింది. ఆ కొండ కింద పారే కృష్ణే బెజవాడ దగ్గర ఆనకట్ట దాటక ముందు మళ్ళి, కాలవల్లోకి వచ్చి, మా నందివాడ చేలను తడుపుతుంది. 1855లో ఆ ఆనకట్ట పూర్తయినప్పటినుంచి నీళ్ళకు వెతుక్కోవడం అంటే ఏమిటో మా డెల్టా దాదాపు మరచిపోయింది. బిందె పట్టుకొని నిలబడిన ఆ మనిషి మరచిపోలేదు.

మిత్రులారా, మీ ఇళ్ళలోనూ ఇటువంటి యాత్ర చేసిన పెద్దలు ఉండి ఉంటారు. దర్శనం ఎలా జరిగిందని కాదు, రాత్రి ఎక్కడ ఆగారు, నీళ్ళు ఎవరు చూపించారు అని అడిగి వ్రాసి పెట్టండి. మా నాయనమ్మను నేను ఆ రెండో ప్రశ్న అడగనేలేదు.