ఓబడు ఎవరు?

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు విజయనగర రాజుల గురించి రాద్దామనుకున్నాను. కానీ మా శింగనమలలో చిన్నప్పుడు విన్న ఒక పేరు మీదికే మనసు పోయింది.

మా అవ్వకు పెదనాయన ఒకాయన ఉండేవాడట. అవ్వ పుట్టకముందే, ధాత కరువులో, మద్రాసు దారి పట్టి పోయి మళ్లీ రాలేదు. పేరు ఓబడు. అంతకు మించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అహోబిలం స్వామి పేరు మన సీమలో ఓబులేసు, ఓబన్న, ఓబుళపతి, ఓబుల్‌రెడ్డి అని ఎన్నో రూపాలెత్తింది. ఇంట్లో పిలుపు మాత్రం అందరికీ ఓబడే. మరి ఏ ఓబడని వెతికేది?

పేరు తోడు రానప్పుడు కాలమూ, ఊరూ తోడు రావాలి. ధాత సంవత్సరం అరవై ఏళ్లకొకసారి వస్తుంది. అవ్వ చెప్పింది 1876-77 నాటి ధాత. ఆ కరువు 1878 దాకా మద్రాసు రాజధానిని పీడించింది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. బళ్లారి నుంచి విడదీసింది 1882లో. కనుక అంతకు ముందటి కాగితాల్లో మన ఊరిని బళ్లారి జిల్లా కింద చూడాలి.

ఆ రోజుల్లో మద్రాసు చేరిన కొందరు కూలి ఒప్పందం మీద ఓడ ఎక్కారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి 342 మందితో దర్బాను చేరింది. 1911 దాకా నేటాలుకు పోయినవారు సుమారు 1,52,000 మంది. మారిషస్‌కు, ఫిజీకి పోయినవారు వేరే. వారిలో తెలుగువారు ఎక్కువగా ఉత్తర కోస్తా జిల్లాలవారు. ఓడ పట్టీలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. ఇంటిపేరుకు గడి లేదు. గుమాస్తా చెవికి ఎట్లా వినిపిస్తే అట్లా రాసుకున్నాడు. ఆ దేశాల్లో చాలామందికి తాత పిలుపు పేరే ఇంటిపేరైపోయింది. నేడు వారి మనుమలు ఆ నంబరు పట్టుకొనే సొంత ఊరు వెతుక్కుంటున్నారు. మారిషస్‌లో ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఐర్లాండువారిదీ ఇదే అవస్థ. అక్కడ బ్రిజిట్‌ను బిడ్డీ అనీ, పాట్రిక్‌ను పాట్ అనీ పిలుస్తారు. 1840ల కరువులో లక్షలమంది దేశం విడిచారు. 1922లో డబ్లిన్ రికార్డు కార్యాలయం కాలిపోయి పాత కాగితాలెన్నో బూడిదయ్యాయి. ఉత్త ‘బిడ్డీ’ని పట్టుకొని వెతికితే ఏమి దొరుకుతుంది? తల్లిదండ్రుల పేర్లూ, ఊరూ, అక్కడి చర్చి పుస్తకమూ కావాలి.

నా సర్వీసులో ఒక కుటుంబ పింఛను ఫైలు మరచిపోలేను. భర్త సర్వీసు రిజిస్టరులో ఆమె సుబ్బమ్మ, రేషను కార్డులో వెంకటసుబ్బమ్మ. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి ఆమె ఏడాది తిరిగింది. కొర్రీ రాసింది నేనే. నిబంధన ప్రకారమే రాశాను, కానీ ఆమె ముఖం ఇప్పటికీ గుర్తుకొస్తుంది. కళ్లెదుట ఉన్న మనిషికే అంత కష్టమైతే ఓబడి మాట చెప్పాలా?

సోదర పింఛనుదారులకు నా మనవి ఒక్కటే. పింఛను కాగితాల పక్కనే ఒక నోటు పుస్తకం పెట్టండి. పెద్దల పూర్తి పేరు, పిలుపు పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా రాసి పెట్టండి. మన తర్వాత చెప్పేవాళ్లు ఉండరు.

ఓబడు నాకు ఇంకా దొరకలేదు. మా ఇంటి పుస్తకంలో మొదటి పేరు మాత్రం ఆయనదే: ఓబడు, శింగనమల, బళ్లారి జిల్లా, ధాత సంవత్సరం.