పాలకొల్లుకీ ఆస్లోకీ మధ్య ఎంత దూరం?

మొన్నామధ్య ఒక రాత్రి రిలీజ్ పని నడుస్తోంది. డేటాబేస్ స్క్రిప్టు అయ్యేసరికి నలభై నిమిషాలు పడుతుంది. కాల్‌లో ఉన్నవాళ్ళందరూ మ్యూట్ పెట్టుకుని ఎవరి గొడవలో వాళ్ళున్నారు. నేనూ, అవతల ఆస్లోలో కూర్చున్న క్లయింటు వైపు పెద్దాయనా మాత్రమే మాట్లాడుకుంటున్నాం. ఆయన ఇవాళో రేపో రిటైరయ్యే మనిషి. వాళ్ళ చలి, మా ఎండలు అన్నీ అయిపోయాక "మీ భాషేంటి?" అన్నాడు. తెలుగు అన్నాను.

"అయితే శ్రీనివాస్ భాష" అన్నాడు.

మా టీములోనే ముగ్గురు శ్రీనివాస్‌లు ఉన్నారు :) ఏ శ్రీనివాస్ అని అడిగాను. "మాండలిన్" అన్నాడు. ఆ తర్వాత ఒక పావుగంట ఆయన చెప్తూనే ఉన్నాడు, నేను అన్నీ తెలిసినట్టు ఊఁ కొడుతూనే ఉన్నాను. నిజానికి నాకు గుర్తున్నదల్లా 2014 సెప్టెంబరులో, ఇంటర్ హాస్టల్ మెస్సులో టీవీ కింద పరిగెత్తిన స్క్రోలింగ్ ఒక్కటే. మాండలిన్ శ్రీనివాస్ కన్నుమూత. అప్పుడు సాంబారు వడ్డించుకోవడంలో ఉన్నాను.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మామతో ఈ ముచ్చట చెప్పాను. మాది గార్ల. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైన్లో మానుకోట దాటినాక, డోర్నకల్ జంక్షన్ రాకముందు తగులుతుంది. మీరెక్కిన రైలు అక్కడ ఆగి ఉండదు లెండి. మామ ఒకటే నవ్వు. "ఏందిరా, ధనుర్మాసం పొద్దుగాల గుడి మైకుల పెట్టేది ఎవరిదనుకున్నవ్? ఆ క్యాసెట్ నాదే" అన్నాడు. అంటే చిన్నప్పుడు చలిలో దుప్పటి ముసుగేసుకుని, దీన్ని ఎవరైనా ఆపితే బాగుండు అని నేను తిట్టుకున్న ఆ తీగల చప్పుడు ఆయనదే. ఆస్లో పెద్దాయన డబ్బులు పెట్టి సీడీలు కొనుక్కున్న మనిషిని నేను ఉచితంగా తిట్టుకుంటూ పెరిగానన్నమాట.

అప్పట్నుంచీ చదువుతున్నాను, వింటున్నాను. అందులోంచి వచ్చిందే ఈ టపా. సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు కాబట్టి తప్పులుంటే చెప్పండి.

ముందు ఆ పెద్దాయన దేశం సంగతి. నార్వే జనాభా మొత్తం 55 లక్షలు, మన హైదరాబాదుకంటే తక్కువ. జాజ్ వాళ్ళ సొంతం కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్ళు పుట్టించుకున్న సంగీతం, రేడియోలోనూ రికార్డుల మీదా నార్వేకి వచ్చింది. యాన్ గార్బరెక్ 1947లో పుట్టాడు. పద్నాలుగేళ్ళప్పుడు రేడియోలో జాన్ కోల్ట్రేన్ సాక్సఫోన్ విని, నాకూ అది కావాలని పట్టుబట్టాడు. మిగతా దేశాల కుర్రాళ్ళలాగే ఆయనా అమెరికన్‌లాగా వాయించాలనే మొదలుపెట్టాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఆయన గురించి ఇవాళ నేను రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ఆయన దారి మళ్ళించిన వాళ్ళు ఇద్దరు, ఇద్దరూ అమెరికన్లే. ఒకాయన జార్జ్ రస్సెల్. 1964 నుంచి అయిదేళ్ళ పాటు ఆ ఉత్తరాది దేశాల్లోనే ఉండి, గార్బరెక్‌ని పిలిచి తన బృందంలో పెట్టుకున్నాడు. ఈ రస్సెల్ 1953లోనే జాజ్ మీద ఒక సిద్ధాంత గ్రంథం రాశాడు. సంగీతానికి పునాదిగా పాశ్చాత్యులు మామూలుగా తీసుకునే మేజర్ స్కేలు కాకుండా, లిడియన్ అనే స్వర వరసని తీసుకోవాలని ఆయన వాదన. గంటకోసారి తీగలు మారినట్టు కార్డులు మార్చుకుంటూ పరిగెత్తే బదులు ఒక స్వర వరస మీద నిలబడి వాయించే పద్ధతి, 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'తో లోకానికి తెలిసినది, దాని వెనక ఈయన ఆలోచనలు ఉన్నాయి.

లిడియన్ అంటే ఏమిటా అని స్వరాలు రాసుకుని చూశాను. మేజర్ స్కేలు మన ధీరశంకరాభరణం. అందులో శుద్ధ మధ్యమం తీసేసి ప్రతి మధ్యమం పెడితే లిడియన్. అంటే మన 65వ మేళకర్త, మేచకల్యాణి! 'నిధి చాల సుఖమా' రాగం. ఇది చూసి రాత్రి పన్నెండింటికి నేనొక్కణ్ణే కుర్చీలోంచి లేచాను. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటైపోదు, కల్యాణిని కల్యాణి చేసేది గమకాలూ, స్వరం మీదకి వచ్చే పద్ధతీ అని తెలిసినవాళ్ళు అంటారు, నిజమే. కానీ తలుపు మాత్రం అదే తలుపు.

ఇంకా వింత ఏంటంటే ఆ హెచ్చు మధ్యమం నార్వే పల్లె సంగీతంలో ముందునుంచే ఉంది. హార్డాంగర్ ఫిడేలు అని వాళ్ళకో వాయిద్యం ఉంది. పైన వాయించే తీగలు నాలుగు, వాటి కింద ఎవరూ ముట్టుకోకుండానే మోగే తీగలు నాలుగో అయిదో. మన సితారుకీ సారంగీకీ ఉన్న తరబ్ తీగల్లాగే. అలా ఎప్పుడూ వెనక ఒక శ్రుతి మోగుతూ ఉండే సంగీతం వాళ్ళ కొండల్లో వందల ఏళ్ళుగా ఉంది. పట్నంలో జాజ్ నేర్చుకునే కుర్రాళ్ళు దాన్ని పట్టించుకోలేదు, నేను గుడి మైకుని పట్టించుకోనట్టే.

పట్టించుకోమన్నది రెండో అమెరికన్, ట్రంపెట్ వాయించే డాన్ చెర్రీ. పక్కనే స్వీడన్‌లో కాపురం ఉండేవాడు. మీ జానపదాలు మీకున్నాయి కదా, వాటితో వాయించండి అని వీళ్ళని అటువైపు నెట్టాడు. పొరుగువాడు వచ్చి మన పెరట్లో ఏముందో చూపించడమంటే ఇదే. 1970లో గార్బరెక్, గిటార్ తెర్యే రిప్‌డాల్, బేస్ అరిల్డ్ ఆండర్‌సెన్, డ్రమ్స్ యోన్ క్రిస్టెన్‌సెన్ కలిసి ఆస్లోలో 'ఆఫ్రిక్ పెప్పర్‌బర్డ్' చేశారు. దాన్ని వేసింది మ్యూనిక్‌లో అంతకుముందు ఏడాదే పుట్టిన ఈసీఎం అనే కంపెనీ. తర్వాత ఆ కంపెనీ పని పేరుకి జర్మనీదే గానీ, చాలా రికార్డింగులు ఆస్లోలో యాన్ ఎరిక్ కాంగ్స్‌హౌగ్ అనే సౌండ్ ఇంజనీరు చేతిమీదుగా వెళ్ళాయి. ప్రపంచంలో ఎవరు ఎవరితో కలిసి వాయించాలన్నా ఆ చలి దేశానికి పోవడం అలవాటైంది.

మనవాళ్ళూ పోయారు. వయొలిన్ ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, త్రిలోక్ గుర్తూలతో గార్బరెక్ చేసిన 'సాంగ్ ఫర్ ఎవ్రీవన్' 1985లో వచ్చింది. 1986 డిసెంబరులో ఆస్లోలో హరిప్రసాద్ చౌరాసియా, జాకిర్, ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, గార్బరెక్ నలుగురూ కూర్చుని 'మేకింగ్ మ్యూజిక్' చేశారు. పాకిస్తాన్ గాయకుడు ఉస్తాద్ ఫతే అలీఖాన్‌తో 'రాగాస్ అండ్ సాగాస్' 1992లో వచ్చింది. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. అందులో ఖాన్ సాబ్ తన రాగం తను పాడుకుంటాడు, గార్బరెక్ పొడుగాటి స్వరాలు పట్టుకుని పక్కనే నడుస్తాడు. రాగం వాయించి చూపిద్దామన్న ఉబలాటం గార్బరెక్‌లో లేదు. అందుకే బావుంది.

ఇప్పుడు పాలకొల్లు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు సంగీతం మనిషి, ఇంట్లో మాండలిన్ ఉండేది. అయిదారేళ్ళ పిల్లాడు దాన్ని తీసి వాయించడం మొదలుపెట్టాడు. తండ్రి గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పిల్లాడికీ గురువయ్యారు. సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, వీడు అది విని వాయించేవాడు. నాకు ఇక్కడే అసలు కీలకం ఉందనిపిస్తుంది. మాండలిన్ వచ్చిన గురువు దొరికి ఉంటే, మాండలిన్ మీద ఏది కుదరదో అది కూడా నేర్పి ఉండేవారు. డాక్యుమెంటేషన్ చదవనివాడికి లిమిటేషన్లు తెలియవు కదా.

నిజంగానే ఆ వాయిద్యం కర్ణాటక సంగీతానికి పనికిరానిది. ఇటలీలో పుట్టింది. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది, అందుకే సినిమా పాటల్లో మాండలిన్ అంటే గబగబా మీటే ఆ గలగల. మెట్లు ఉంటాయి కాబట్టి రెండు స్వరాల మధ్య జారడం కష్టం. జత తీగని పక్కకి లాగితే రెండూ సమంగా లాగబడక అపశ్రుతి. గమకం లేకపోతే కర్ణాటక సంగీతంలో ఇంకేం మిగులుతుంది?

శ్రీనివాస్ చేసిన మార్పులు చూడండి. జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు. మంద్రం చాలక అయిదో తీగ చేర్చాడు. గుల్ల డొక్క బదులు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకున్నాడు, దాంతో మీటిన స్వరం నిలబడింది. నిలబడిన స్వరాన్ని వేలితో జార్చాడు, లాగాడు, ఊపాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. తర్వాత మద్రాసు. ఎలక్ట్రిక్ డబ్బా పెట్టుకుని కీర్తనలేమిటి అని మొహం చిట్లించిన పెద్దలు లేకపోలేదు. రెండొందల ఏళ్ళ క్రితం బాలుస్వామి దీక్షితార్ చేతిలో వయొలిన్ చూసినవాళ్ళు కూడా అలాగే చిట్లించి ఉంటారు. ఆ వయొలిన్ మీదే మన విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఏలారు.

1983లో, పద్నాలుగేళ్ళప్పుడు, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలిచారు. వెళ్ళి జాజ్ వాయించలేదు, తన కచేరీ తను చేశాడు. జాజ్ వినడానికి వచ్చినవాళ్ళకి అది పరాయిగా తోచలేదు. అప్పటికప్పుడు కల్పన చేయడం, తాళంతో ఆడుకోవడం వాళ్ళకి తెలిసిన విద్యలే. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో 'డ్రీమ్' చేశాడు. నిజం చెప్పొద్దూ, అది నాకంత ఎక్కలేదు. మాండలిన్ పొగమంచులో తిరుగుతున్నట్టుంటుంది.

అసలైన కలయిక మెక్‌లాఫ్లిన్‌తో. ఈయన ఎల్. శంకర్, జాకిర్, ఘటం విక్కు వినాయకరామ్‌లతో శక్తి అనే బృందం పెట్టాడు. అంతకుముందు అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. అది చాలక గిటారునే మార్పించాడు. గమకం లాగడానికి వీలుగా మెట్ల మధ్య కర్రని లోతుగా తొలిపించాడు, అడ్డంగా శ్రుతి తీగలు ఏడు కట్టించాడు. నేను కాగితం మీద రెండు బొమ్మలు పక్కపక్కన వేసుకున్నాను. ఇంగ్లండువాడు గిటారుని వీణ వైపు కోసుకుంటూ వస్తున్నాడు. పాలకొల్లువాడు మాండలిన్‌ని గాత్రం వైపు విప్పుకుంటూ వస్తున్నాడు. ఇద్దరూ ఒకరికొకరు తెలియకముందే ఎవరి ఇంట్లో వాళ్ళు పని చేసుకున్నారు. గార్బరెక్ కోల్ట్రేన్‌ని వదిలి తన కొండ పాటల దగ్గరికి నడిచినట్టే.

1997లో ఆ బృందమే 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్ళీ మొదలైంది, 1999లో శ్రీనివాస్ వచ్చి చేరాడు. 2000లో 'ద బిలీవర్', 2001లో 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' వచ్చాయి. అంటే గార్బరెక్‌కీ శ్రీనివాస్‌కీ మధ్య ఉన్నది ఒకే ఒక్క చెయ్యి. ఆస్లోలో ఒకరి పక్కన కూర్చున్న మెక్‌లాఫ్లినూ జాకిరే తర్వాత ఇంకొకరి పక్కన కూర్చున్నారు. ఫ్యూజన్ అనే మాట వింటేనే మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు మన పెద్దల్లో చాలామంది. వాళ్ళ కోపం నాకు కొంత అర్థమవుతుంది. ఎయిర్‌పోర్టు లాంజుల్లో వినిపించే సరుకు వింటే ఎవరికైనా వస్తుంది. కానీ ఇక్కడ శ్రీనివాస్ ఏ స్వరాన్నీ చదును చేయలేదు. ఎదుటివాడు గమకం అందుకోగలిగినవాడు కాబట్టి ఆ అవసరం రాలేదు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో, కాలేయ జబ్బుతో పోయాడు. నలభై అయిదేళ్ళు. 2023లో శక్తి 'దిస్ మొమెంట్' వేసింది, దానికి 2024లో గ్రామీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో జాకిర్ కూడా పోయారు. గ్రామీ వచ్చిన రోజు మన పేపర్లలో ఫొటోలు వేశారు. పాలకొల్లు ఊసు నాకెక్కడా కనబడలేదు. మోల్డే అని నార్వేలో మా మానుకోటకంటే చిన్న ఊరు, 1961 నుంచి ఏటా జాజ్ ఉత్సవం చేసుకుంటోంది. పోలికలు పెట్టకూడదనుకుంటూనే పెట్టేశాను.

మళ్ళీ రిలీజ్ రోజున ఆస్లో పెద్దాయనకి గుడి మైకు కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. "రోజూ పొద్దున్నే వినేవాడివా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

మామ క్యాసెట్ టేపు ఎప్పుడో నలిగిపోయిందట. గుళ్ళో ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెడుతున్నారు, ఈ ధనుర్మాసానికి పాటలు నింపుకొని రమ్మన్నాడు. శ్రీనివాస్‌వి వరసగా వేశాను. చివర్లో 'మేకింగ్ మ్యూజిక్' కూడా ఒకటి పెట్టాను. పూజారిగారికి ఇంకా చెప్పలేదు.