సనదులోని హక్కు

మా సఖినేటిపల్లి రేవున పంటెక్కి వశిష్ఠను దాటినచో నావలి యొడ్డున మాధవాయిపాలెము. పదునేడవ శతాబ్దమున ఆంగ్ల వర్తకసంఘమువా రచట కోఠీ నెలకొల్పి మన నేతగాండ్ర బట్టలను సీమ కెగుమతి చేయుచుండిరి. ఆ యూరి పేరే యొక తెల్లబట్టకు ఆంగ్లమున నామమైనది. ఆ వర్తకు లోడలలో దెచ్చిన మఱియొక సరకును గూర్చి చదువరులకు మనవి చేయ నెంచితిమి. అది వారి దేశపు పూర్వాచారసిద్ధమైన హక్కు. చట్టము ననుసరించియే గాని శిక్షింపరాదు. నేరమును తోడిపౌరులగు జూరీవారు నిర్ణయింపవలెను. కష్టము కలిగినచో ప్రభువునకు అర్జీ చేసికొనవచ్చును. ఆంగ్లేయుడు ఏ దేశమున కేగినను వీనిని తన వెంట గొనిపోదు ననుకొనెను.

1661లో రెండవ చార్లెసురాజు సంఘమువారి కొసగిన సనదులో, వారి నౌకర్లనే గాక వారి క్రింద నివసించువారినిగూడ ఆంగ్లరాజ్యపు చట్టముల ననుసరించి విచారింపవలెనని యున్నది. మాటనుబట్టి చూడగా చెన్నపట్టణపు నేతగాడును, తోటమాలియు అందులో జేరినవారే. ఆచరణమం దేమి జరిగినది?

1665లో చెన్నపట్టణమున అసెన్షియా డాసను దొరసాని తన బానిసపిల్లను జంపినదని విచారణ జరిగెను. పండ్రెండుగురు జూరీవారు కూర్చుండిరి. వారు మొదట హత్య నిజమే కాని ఆరోపించిన రీతిగా గాదని చిక్కుమాట చెప్పిరి. వివరింపుమనగా నిర్దోషి యనిరి. దొరసాని విడుదలయ్యెను. గవర్నరు ఫాక్స్‌క్రాఫ్టునకు చట్టమెఱిగిన సహాయు డొక్కడును లేడు. జూరీ యను గొప్ప హక్కు ఆ కోటలో నిట్లు ప్రవేశించినది. చనిపోయిన పిల్లకు ఆ హక్కువలన నొరిగిన దేమియు లేదు. నల్లవారి తగవులు ప్రత్యేకముగ చావడి న్యాయస్థానమున దీరుచుండెను.

1688లో ఆ పట్టణమున నగరసభ యేర్పడినపుడు ఆల్డర్మనులలో హిందువులకును చోటిచ్చిరి. ఇది యౌదార్య మనుకొనరాదు. ప్రజల సమ్మతిలేని పన్ను చెల్లదనుట ఆంగ్లేయుల పాతమాట. తమవారే కూర్చుండి విధించిన పన్నును జనులు సణగక చెల్లింతురని సీమలోని డైరెక్టర్ల యూహ. హక్కు నిచట పన్నుల వసూలునకు బనిముట్టుగా వాడిరి.

అయినను పనిముట్టు చేతులు మాఱుట గలదు. అర్జీ చేసికొను హక్కును 1689లో ఆంగ్ల పార్లమెంటు చట్టమున స్థిరపఱచెను. నూటయఱువది మూడేండ్ల తరువాత, 1852లో, చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు స్వదేశీయుల సంఘమును స్థాపించి, శిస్తు వసూలులోని క్రౌర్యములను దెలుపుచు ఆ పార్లమెంటునకే అర్జీ పంపించిరి. డాన్బీ సీమోరు అను సభ్యుడు స్వయముగా వచ్చి పల్లెలు చూచిపోయెను. 1854లో విచారణ సంఘము నియమింపబడి మఱుసటి యేట తన నివేదిక నిచ్చెను. వ్రేళ్లను కఱ్ఱల నడుమ నొక్కు కిట్టియు, రైతును వంచి త్రాట గట్టి యెండలో నిలుపుటయు నిజమేనని అందులో నొప్పుకొనిరి.

కాని తప్పంతయు దేశీయోద్యోగులదే నట. తెల్లదొరల కందు సమ్మతి లేదట. కిట్టి బిగించినవాడు మనవాడే, కాదనము. అంత శిస్తు తప్పక రావలెనని పైనుండి తాకీదు పంపిన దెవరో నివేదికలో మేము వెదకితిమి. ఆ ప్రశ్న నడిగినవారే యందు గనబడలేదు.