బల్ల మీది లెక్క, లోకంలోని గాయం: ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో నియమాల అంతరార్థం

జెస్పర్ జూల్ 2005లో 'హాఫ్-రియల్' ప్రచురించిన నాటి నుంచి ఆటల అధ్యయనంలో ఒక మాట వేదవాక్యమై కూర్చుంది: నియమాలు నిజం, లోకం కల్పన. రెండింటికీ పొత్తు కుదిరితే సరే, కుదరని చోట ఆటగాడు కల్పనను పక్కనబెట్టి నియమాన్ని నియమంగానే తీసుకుంటాడని ఆయన వాదన. 'డాంకీ కాంగ్'లో మారియోకు మూడు ప్రాణాలెందుకు? ఆ లోకంలో పునర్జన్మ ఉందని ఎవరూ అనుకోరు, ఆట సాగడానికి ఇచ్చారులే అని సరిపెట్టుకుంటారు. ఉదాహరణ చక్కనిదే. 1981 నాటి ఆ ఆర్కేడ్ పెట్టె వరకు నాకూ పేచీ లేదు. పేచీ అంతా దాని మీద కట్టిన మేడతోనే.

ఆట అంటే ఏమిటో నిర్వచిస్తూ జూల్ గీసిన పటంలో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలకు నడిమధ్య చోటు దొరకలేదు. నడిపించేది మనిషి గనక నియమాలు స్థిరంగా ఉండవంటూ వాటిని సరిహద్దు మీద నిలబెట్టారు. నియమమూ కల్పనా అన్నిటికన్నా గట్టిగా పెనవేసుకునే ఆటను గడప అవతల కూర్చోబెట్టి, లోపలున్న వాటిని చూసి సూత్రం కట్టడం ఏం పద్ధతి? ఈ ఆటల్లో నియమం లోకానికి బయట ఉండదు. అది ఆ లోకపు ప్రకృతి ధర్మం. అక్కడ బతికేవాళ్లకు దాని సంగతి తెలుసు. నియమం మారితే ఆ లోకపు చరిత్రే మారుతుంది. ఈ వ్యాసం ప్రతిపాదన ఇంతే.

హైదరాబాదులో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఐదో ఎడిషన్ ఆడే ఒక మిత్రబృందం పక్కన కూర్చుని వింటున్నప్పుడు ఈ అనుమానం నాకు గట్టిపడింది. కథలో వాళ్లు కోట బురుజు మీద చిక్కుకున్నారు. కింద రెండు వందల అడుగుల లోతు. భైరవ్ అనే పదో లెవెల్ ఫైటర్‌ను (యోధుణ్ని) ఆడుతున్న కుర్రాడు "నేను దూకేస్తా" అన్నాడు.

"రెండొందల అడుగులురా!" అన్నాడు ఆట నడిపించే డీఎం.

"ఇరవై డీసిక్స్. సగటున డెబ్భై. నాకు నూటనాలుగు హెచ్‌పీ ఉంది."

"నీకు తెలుసు సరే. నీ భైరవ్‌కి తెలుసా?"

క్లెరిక్‌ను ఆడుతున్న అమ్మాయి అందుకుంది: "ఎందుకు తెలీదు? మొన్న డ్రాగన్ కాళ్లలోంచి పడి లేచాడుగా. వాడి ఒళ్లు వాడికి తెలీదా?"

ఆ ఆటలో ఎత్తుకు తగినన్ని ఆరు ముఖాల పాచికలు ('డీసిక్స్') వేసి, వచ్చిన మొత్తాన్ని పాత్ర హిట్ పాయింట్లలోంచి ('హెచ్‌పీ') తీసేస్తారు. పాచికలు వేస్తే 81 పడింది. భైరవ్ దుమ్ము దులుపుకుని లేచాడు. ఇక్కడ గమనించవలసింది ఆ అమ్మాయి వాదన. "రూలే కదా, వదిలెయ్" అని ఆమె అనలేదు. మిగతావాళ్లూ అనలేదు. పడి లేచిన అనుభవాన్ని సాక్ష్యంగా పెట్టింది. నిప్పు కాలుతుందని మనకు ఎలా తెలుసో, ఎత్తు నుంచి పడితే తాను చావనని భైరవ్‌కి అలాగే తెలుసన్నమాట. ఆటగాడి లెక్కను పాత్ర అనుభవంగా మార్చేసింది. జూల్ సూత్రం ప్రకారం ఆ క్షణంలో కల్పన తెరచాటుకు పోవాలి. అది పోకపోగా ఇంకా చిక్కబడింది.

ఈ తగవు కొత్తదేమీ కాదు, ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. హిట్ పాయింట్లంటే ఏమిటన్న ప్రశ్నకు ఈ ఆట సృష్టికర్తల్లో ఒకరైన గారీ గైగాక్స్ 1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లోనే జవాబు చెప్పవలసి వచ్చింది. పదో లెవెల్ ఫైటర్‌కు 85 పాయింట్లుంటే, నాలుగు భారీ యుద్ధాశ్వాలను చంపగల దెబ్బలు అతనొక్కడే ఓర్చుకుంటున్నట్టు లెక్క. ఎంత గొప్ప వీరుడికైనా ఇది అసంబద్ధమని ఆయనే ఒప్పుకుని, ఆ అంకెలో దేహబలం కొంతే, మిగతాది యుద్ధ నైపుణ్యం, అదృష్టం, దేవతల అండ అని తేల్చారు. ఆ వివరణ నిలుస్తుందా అన్నది వేరే సంగతి. నిజానికి సరిగా నిలవదు. తరిగిపోయింది అదృష్టమే అయితే గాయం మాన్పే మంత్రం దాన్ని ఎలా తిరిగి తెస్తుంది? నాలుగు పాయింట్ల పల్లెటూరి మనిషిని చావు నుంచి లేపే మంత్రం 85 పాయింట్ల వీరుడికి చీమ కుట్టినట్టే ఎందుకుంటుంది? విషం పూసిన కత్తి వేటు పడిందంటే చర్మం చీలినట్టేనా, కాదా? నలభై ఏళ్లు దాటినా ఆటగాళ్లు వీటిని తవ్వుతూనే ఉన్నారు. నాకు కావలసింది ఆ తవ్వకమే. నియమకర్తే లోకం లోపలి కారణం చెప్పడానికి పూనుకున్నాడంటే, కారణం బాకీ ఉన్నట్టు ఆయన ఒప్పుకున్నట్టే. మారియో మూడు ప్రాణాలకు అలాంటి బాకీ ఎవరూ పడలేదు.

మంత్రాల సంగతి చూస్తే జూల్ క్రమం పూర్తిగా తలకిందులవుతుంది. తొలి ఎడిషన్లలో మాంత్రికుడు పొద్దున్నే మంత్రం మనసుకు ఎక్కించుకోవాల్సి వచ్చేది, ప్రయోగించగానే అది మనసులోంచి చెరిగిపోయేది, రోజుకు ఇన్ని అని పరిమితి. కొత్త ఆటగాడు మొదట విసుక్కున్నది దీని మీదే. కానీ ఈ నియమం ఆట కోసం పుట్టింది కాదు. జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన 'ది డైయింగ్ ఎర్త్' కథల్లో మజీరియన్ అనే మాంత్రికుడు గట్టి మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు మాత్రమే మనసులో పట్టి ఉంచగలడు. అంకెలతో సహా నియమం కథలోనే ఉంది. 1974లో ఆట వచ్చినప్పుడు ఆ కథే లెక్కగా మారింది. (ఈ ఆటలోని దుష్ట మాంత్రికుడు వెక్నా పేరు వాన్స్ పేరులోని ఇంగ్లిషు అక్షరాలను తారుమారు చేసిందే. ఋణం అలా తీర్చుకున్నారు.) కల్పన ముందు, నియమం తర్వాత. మరి ఏది నిజం, ఏది తొడుగు?

నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఆకరం ఇదే ఆట నడిచే 'ఫర్గాటెన్ రెల్మ్స్' లోకం. 1989లో రెండో ఎడిషన్ వచ్చినప్పుడు అసాసిన్ (హంతకుడు) క్లాస్‌ను పుస్తకంలోంచి తీసేశారు. ప్రచురణకర్తలు ఆ పేజీ చించేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. అవతార్ నవలాత్రయంలో దాదాపు దేవతలందరినీ స్వర్గం నుంచి భూమికి తోసేశారు. బేన్ అనే దేవుడు తన బలం కోసం ఆ లోకంలోని హంతకులందరి ప్రాణాలూ లాగేసుకున్నాడు. హంతకుల దేవుడు భాల్ కూడా చచ్చాడు. అచ్చుశాలలో జరిగిన కత్తిరింపు అక్కడ సామూహిక మరణంగా నమోదైంది. 2008లో నాలుగో ఎడిషన్ మంత్రాల పద్ధతిని సమూలంగా మార్చినప్పుడూ అదే జరిగింది. మంత్రశక్తికి అధిదేవత మిస్ట్రా హత్యకు గురైంది, మంత్రశక్తి అల్లిక తెగిపోయింది, స్పెల్‌ప్లేగ్ అనే నీలి అగ్ని భూఖండాలను కరిగించింది. ఆ లోకపు పంచాంగంలో అది 1385వ సంవత్సరం. ఐదో ఎడిషన్ ముందు 'సండరింగ్' పేరుతో మళ్లీ సర్దుబాటు. నియమం లోకానికి పట్టని బయటి యంత్రమే అయితే, దాన్ని మార్చడానికి ఒక దేవత చావనవసరం లేదు.

2000లో మూడో ఎడిషన్ ఇలాంటి ప్రళయమేదీ లేకుండానే వచ్చింది నిజమే. కానీ ప్రతి మార్పుకూ ప్రళయం రావాలని నేననడం లేదు; మిగతా మార్పులకు లోకం లోపలి కారణం చెప్పవలసి వచ్చిందన్నదే నా మాట, కనుక అది నా సూత్రాన్ని చెడగొట్టదు.

'ఫర్గాటెన్ రెల్మ్స్' మార్పు వచ్చాక కారణం అతికించిన లోకం. నియమాల నుంచే లోకాన్ని కట్టినవీ ఉన్నాయి. 1993 నాటి 'ఎర్త్‌డాన్'లో లెవెల్ అనేది ఆటగాడి కాగితం మీది గుట్టు కాదు. పాత్రలు తమ సర్కిల్ ఎంతో నలుగురిలో చెప్పుకుంటాయి, పై సర్కిల్‌కు ఎక్కడానికి గురువు దగ్గర శిక్షణ పొందుతాయి. అన్ని నేలమాళిగలు ఎందుకున్నాయన్న పాత ఎగతాళికి కూడా అక్కడ జవాబుంది: భయంకర భూతాల దాడి నుంచి తప్పించుకోవడానికి జనం వందల ఏళ్లు భూగర్భ కోటల్లో తలదాచుకున్నారు. కీత్ బేకర్ 2004లో తెచ్చిన 'ఎబెరాన్' ఇంకో దారి పట్టింది. కింది స్థాయి మంత్రాలు అంత చవకని నియమపుస్తకమే చెబుతున్నప్పుడు వీధిదీపాలు, రైళ్లు మంత్రాలతో నడవకపోవడమే వింత అనుకుంది. నిజంగానే నడిపించింది. వైద్యం ఒక వంశం గుత్తాధిపత్యం, రవాణా మరో వంశానిది. పుస్తకంలోని ధరల పట్టికను అర్థశాస్త్రంగా చదివిన లోకం అది.

లోకంలో ఏ కారణమూ లేని నియమాలూ ఈ ఆటల్లో ఉన్నాయని నాకు ఎదురు చెప్పవచ్చు. ఆటల గురించి రాసే జస్టిన్ అలెగ్జాండర్ 2008లో నాలుగో ఎడిషన్ మీద వేసిన ప్రశ్న, ఒక ఒడుపు రోజుకొక్కసారే ఎందుకు చేతనవుతుందన్నది, ఇక్కడ ప్రస్తావించాలి. కానీ ఆ నియమాల మీద ఆటగాళ్లు అంతగా మండిపడటమే లోపలి కారణం కోసం వాళ్ల తపనను రుజువు చేస్తోంది.

ఇంకో అడుగు ముందుకు వేస్తాను. అద్భుతం ఉన్న ప్రతి కథాలోకమూ నియమావళే. పోతన భాగవతం సప్తమ స్కంధం చదివిన తెలుగు పాఠకుడికి ఇది వింతగా తోచదు. హిరణ్యకశిపుడి వరం అక్షరాలా ఒక నియమపాఠం. పగలూ రాత్రీ, లోపలా బయటా, నరుడూ మృగమూ అంటూ ప్రతి సందూ మూసి రాయించుకున్నాడు. మూయని సందు ఒక్కటి ఉంటే నరసింహుడు సంధ్యవేళ గడప మీద దాన్నే పట్టుకున్నాడు. ఆ లోకంలో దేవుడూ రాక్షసుడూ ఇద్దరికీ నియమం తెలుసు, ఇద్దరూ దానికి కట్టుబడ్డారు. బల్ల దగ్గర భైరవ్ చేసిందీ అదే కోవలోది. అందుకే మన శ్రోతలు పాచిక చేతికి రాకముందే ఈ ఆట నేర్చినవాళ్లని నా అభిప్రాయం.

కంప్యూటర్ ఆటలూ ఇటే వచ్చాయి. 2011లో వచ్చిన 'డార్క్ సోల్స్'లో చచ్చి నెగడు దగ్గర మళ్లీ లేవడం ఆటగాడికి ఇచ్చిన వెసులుబాటుగా ఉండదు. అది ఆ లోకంలో మనుషులకు పట్టిన శాపం. దారిలో ఎదురయ్యే పాత్రలు దాని గురించే మాట్లాడతాయి, కొందరు మతిపోయి కళ్లముందే మనకు శత్రువులవుతారు. జూల్ లోపలి కారణం దొరకదన్న చోటే, ఆ మరుజన్మ నియమం దగ్గరే, ఒక లోకమంతా పుట్టుకొచ్చింది. ఆయన పటాన్ని మళ్లీ గీసే పని ఎవరైనా తలపెడితే సరిహద్దు గీత మీద నిలబెట్టవలసింది బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లను కాదు, 1981 నాటి ఆ పెట్టెను.