కొద్ది ఎలక్ట్రానులు - పెద్ద సమస్య

1911వ సంవత్సరమున హాలండు దేశమందలి లైడెన్ నగరములో కామర్లింగ్ ఓనెస్ అను శాస్త్రజ్ఞుడు పాదరసమును ద్రవ హీలియముతో చల్లబరచి, దాని విద్యున్నిరోధమును కొలిపించెను. 4.2 కెల్విన్ డిగ్రీల వద్ద ఆ నిరోధము హఠాత్తుగా అదృశ్యమయ్యెను. ఈ ధర్మమునకే అతివాహకత్వమని పేరు. తరువాత తగరము, సీసము మున్నగు లోహములందును ఇది కనబడెను.

దీనికి కారణమును 1957లో అమెరికాలో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అనువారు వివరించిరి. ఎలక్ట్రానులు సహజముగా ఒకదానినొకటి వికర్షించుకొనును. అయినను, లోహములో ఒక ఎలక్ట్రాను వేగముగా పోవునప్పుడు దాని త్రోవకు ఇరుప్రక్కలనున్న ధన అయానులు కొంచెము లోనికి ఒరుగును. అవి బరువైనవగుటచే స్వస్థానమునకు మరలుటకు కొంత కాలము పట్టును. ఆలోపున ఆ చోటికి మరియొక ఎలక్ట్రాను ఆకర్షింపబడును. ఇట్లు ఎలక్ట్రానులు జంటలగును. ఎలక్ట్రానులు చురుకైనవి, అయానులు మందమైనవి అను విషయముపైననే ఈ వివరణ ఆధారపడియున్నది.

1964లో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థలో స్కూలీ, హోస్లర్ అనువారు, సిద్ధాంతవేత్తయైన మార్విన్ కోహెన్‌తో కలసి, ఒక వింత అతివాహకమును ప్రకటించిరి. అది లోహము కాదు. స్ట్రాన్షియం టైటనేటు అను ఆక్సైడు. శుద్ధస్థితిలో ఇది విద్యుద్బంధకము. ఆమ్లజని చాలని చోట దీనిని బాగుగా వేడిచేసినచో కొన్ని ఆమ్లజని పరమాణువులు వెడలిపోవును. వెడలిన ఒక్కొక్క పరమాణువు రెండేసి ఎలక్ట్రానులను స్ఫటికములో విడిచిపోగలదు. ఆ కొద్ది ఎలక్ట్రానులతోనే అది అర్ధవాహకమై, సుమారు 0.3 కెల్విన్ డిగ్రీల వద్ద అతివాహకమయ్యెను. ఎలక్ట్రానులను క్రమముగా పెంచినచో ఈ ఉష్ణోగ్రత మొదట హెచ్చి, పిమ్మట తగ్గునని 1967 నాటికి తేలెను.

2013లో పారిస్ నగర శాస్త్రజ్ఞులు ఎలక్ట్రానులను ఇంకను తగ్గించి చూచిరి. రాగిలో లక్షన్నర ఎలక్ట్రానులుండు చోట ఇందులో ఒక్కటి మాత్రమే యున్నను అతివాహకత్వము నిలిచియే యుండెను!

చిక్కు ఇచటనే యున్నది. ఎలక్ట్రానులు ఇంత పలుచబడినప్పుడు వాని శక్తి చాల తగ్గును. అయానుల కంపనములే వానికంటె చురుకైనవగును. 1957 నాటి వివరణకు ఆధారమైన విషయమే తలక్రిందులగును. మరియొక విచిత్రము కలదు. బరువైన ఐసోటోపును వాడినచో పాదరసమున అతివాహక ఉష్ణోగ్రత తగ్గునని 1950లోనే తెలిసెను. ఈ ఆక్సైడులో మామూలు ఆమ్లజనికి బదులు బరువైన ఆమ్లజనిని చేర్చినచో అది పెరుగునని 2016లో జెనీవా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

ఒక ఆధారము మాత్రము దొరకినది. అతిశీతల స్థితిలో ఈ స్ఫటికపు రోధక స్థిరాంకము 20,000కు మించును. అందుచే ఎలక్ట్రానుల పరస్పర వికర్షణ మిగుల బలహీనమగును. కాని వికర్షణ తగ్గినంత మాత్రమున జంట కుదరదు. ఇందు ఎలక్ట్రానులను కలుపు శక్తి ఏది? 1964 నుండి 60 ఏండ్లు గడచినను, అందరు అంగీకరించు సమాధానము ఇంకను లభింపలేదు.