గోడ మీది గీత నుంచి కదిలే నీడ దాకా: నళినీ మలానీ వీడియో కళ

ఆద్యంతాలున్న కథాచిత్రంలా నడవకుండా, ప్రదర్శనశాల గోడల మీదా తెరల మీదా కదిలే బొమ్మలను, ధ్వనిని అమర్చి, ప్రేక్షకుడు వాటి మధ్య తిరుగుతూ చూసేందుకు వీలు కల్పించే కళారూపాన్ని వీడియో కళ అంటారు. భారతదేశంలో ఇది 1990లలో, విదేశీ పరికరాలు సులభంగా దొరకడం మొదలైన తర్వాత పుట్టిందని చెప్పడం పరిపాటి అయినప్పటికీ, దాని తొలి ప్రయత్నాలు అంతకు రెండు దశాబ్దాల ముందే బొంబాయిలో జరిగాయి. ఆ ప్రయత్నాల్లోనూ తర్వాతి వికాసంలోనూ ముఖ్యపాత్ర వహించిన కళాకారిణి నళినీ మలానీ.

1946లో కరాచీలో పుట్టి, దేశ విభజన కారణంగా పసితనంలోనే కుటుంబంతో కలకత్తాకు, అక్కడి నుంచి 1958లో బొంబాయికి చేరిన మలానీ, 1964 నుంచి 1969 వరకు సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రలేఖనం అభ్యసించారు. చిత్రకారుడు అక్బర్ పదంసీ తనకు లభించిన జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ సొమ్ముతో 1969లో ‘విజన్ ఎక్స్‌ఛేంజ్ వర్క్‌షాప్’ను నెలకొల్పి, చిత్రకారులకూ చలనచిత్రకారులకూ కెమెరాలు అందుబాటులో ఉంచినప్పుడు, అక్కడ పనిచేసిన వారిలో అతి పిన్న వయస్కురాలు ఆమే. ఆ ఏడాదే ఆమె తీసిన ‘డ్రీమ్ హౌసెస్’లో, అట్టతో చేసిన ఇళ్ల నమూనాను రంగు ఫిల్టర్ల వెలుగులో ఒక్కొక్క ఫ్రేముగా చిత్రీకరించి, నిశ్చలమైన వస్తువు కదులుతున్నట్లు భ్రమింపజేసే స్టాప్‌మోషన్ పద్ధతి కనిపిస్తుంది. ఆధునిక వాస్తుశిల్పం పేదలకు కూడా గూడు కల్పిస్తుందన్న ఆనాటి నమ్మకం ఆ రంగుల్లో ఉంది; 1976లో దాని పక్కనే నగరాన్ని పైనుంచి చూస్తున్న ఒక యువతి నలుపు తెలుపుల చిత్రాన్ని చేర్చి, రెండింటినీ కలిపి ‘యుటోపియా’గా రూపొందించడంతో, ఆ నమ్మకం ఎలా వమ్మయిందో ఏ వ్యాఖ్యానం లేకుండానే తెలిసిపోతుంది. భారతీయ ఆధునిక కళలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత బరువైన రాజకీయ విమర్శ చేసిన కృతులు అరుదు.

ఆ కార్యశాల కొద్ది కాలానికే మూతపడింది. 1970 నుంచి 1972 వరకు పారిస్‌లో ఉండి తిరిగివచ్చిన మలానీ, కదిలే బొమ్మను ప్రదర్శించే చోటు గానీ సేకరించే సంస్థ గానీ దాదాపు లేని పరిస్థితిలో, ప్రధానంగా చిత్రలేఖనానికే అంకితమయ్యారు.

ఆమె మళ్లీ ప్రేక్షకుడిని చుట్టుముట్టే కళ వైపు రావడానికి యంత్రాల కంటే నాటకరంగమూ మతహింసా ఎక్కువగా కారణమయ్యాయి. 1992లో బొంబాయిలోని కెమోల్డ్ గ్యాలరీ గోడల మీద నేరుగా గీసి, ప్రదర్శన ముగియగానే చెరిపివేసిన ‘సిటీ ఆఫ్ డిజైర్స్’, 1993లో నటి అలకనందా సమర్థ్‌తో కలిసి చేసిన మీడియా నాటక ప్రదర్శన (మీడియా అంటే గ్రీకు పురాణగాథలోని స్త్రీ) ఈ మార్పుకు గుర్తులు. 1998 మేలో భారత్, పాకిస్తాన్‌లు అణుపరీక్షలు జరిపిన తర్వాత రూపొందించిన ‘రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్’ ఈ దశలో శిఖరప్రాయమైనది. విభజన కాలంలో పిచ్చాసుపత్రి రోగులను కూడా రెండు దేశాలు పంచుకున్న తీరును చిత్రించిన సాదత్ హసన్ మంటో కథ ఆధారంగా, కాందిశీకులు మోసుకొచ్చే రేకు పెట్టెల్లో టీవీ తెరలను అమర్చి, ఎదురెదురు గోడల మీద ఇద్దరు స్త్రీలు ఒకే చీరను మడతపెట్టడానికి విఫలయత్నం చేస్తున్న దృశ్యాన్ని, అణు విస్ఫోటాల దృశ్యాలను ఆమె ప్రసరింపజేశారు. ముంబయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, అంటే గ్యాలరీ గడప ఎన్నడూ తొక్కని సామాన్యులు కూడా వచ్చే చోట దాన్ని ప్రదర్శించడం ఆ కృతి అర్థంలో భాగమేనని చెప్పాలి.

2000 తర్వాత మలానీ ‘వీడియో షాడో ప్లే’ అనే పద్ధతిని అభివృద్ధి చేశారు. పారదర్శకమైన మైలార్ (ఒక రకం ప్లాస్టిక్ పొర) స్తూపాల లోపలి వైపున, గాజు వెనుక బొమ్మలు వేసే పాత పద్ధతిలో, ముందు సూక్ష్మాంశాలనూ చివర నేపథ్యాన్నీ చిత్రించి, స్తూపాలు తిరుగుతుండగా వాటి గుండా వీడియో కాంతిని పంపితే, నీడలూ దృశ్యాలూ గోడల మీద ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తోలుబొమ్మలాట ఎరిగిన తెలుగు ప్రేక్షకులకు ఈ నీడల భాష వెంటనే బోధపడుతుంది. 2012లో జర్మనీలోని కాసెల్‌లో, పదమూడవ డాక్యుమెంటా ప్రదర్శనలో చూపిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్’ ఈ పద్ధతికి చెందినదే. ఉర్దూ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ కవిత నుంచి పేరు తీసుకున్న ఆ కృతిలో గ్రీకు పురాణగాథలోని కసాండ్రాతో పాటు మహాశ్వేతాదేవి కథలోని ద్రౌపది కూడా ఉంది.

2013లో ఫుకుఓకా పురస్కారం, 2019లో జోన్ మిరో పురస్కారం, 2023లో క్యోటో పురస్కారం ఆమెను వరించాయి. ఐప్యాడ్ మీద వేలితో గీసిన 88 యానిమేషన్లతో 2020లో లండన్‌లోని వైట్‌చాపెల్ గ్యాలరీలో ‘కెన్ యూ హియర్ మీ?’ను ప్రదర్శించిన కళాకారిణి, 1969లో అట్ట ఇళ్లను ఫ్రేము ఫ్రేముగా చిత్రీకరించిన యువతి ఒకరే కాబట్టి, భారతీయ వీడియో కళ చరిత్రను 1990ల నుంచి మొదలుపెట్టే పుస్తకాలు ఆ తేదీని సవరించుకోవలసి ఉంది.